వాకిట్లో తెల్లజిల్లేడు

"అమ్మా, వంటింట్లో పొగేటి?" అంది మా పెద్దది.

రథసప్తమి పరమాన్నం గిన్నెలు తోముతున్నాను అప్పుడు. పొయ్యి ఆర్పేసి చాలాసేపయింది. మా గాజువాకలో పొగ అన్న మాట విని ఎవరూ ఊరుకోరు. నేను అసలే ఊరుకోను. సబ్బు చేతులతోనే సిలిండర్ దగ్గరికి వెళ్ళి రెగ్యులేటర్ తిప్పి చూశాను. వంగి వాసన చూశాను. కిటికీలోంచి స్టీల్ ప్లాంటు వైపు చూశాను. ఆకాశం రోజూ ఉన్నట్టే ఉంది. ఎదురింటి మేడ మీద చీరలు ఆరుతున్నాయి. ఎక్కడైనా ఏదైనా లీకయితే ముందు ఆ చీరలు లోపలికి వెళ్తాయి, తర్వాత తలుపులు మూసుకుంటాయి. అవేవీ జరగలేదు.

"పొగెక్కడుందే?"

"ఇక్కడే. నీ చుట్టూ."

వెనక్కి తిరిగాను. అది గుమ్మంలో నిలబడి, తల కొంచెం పక్కకి వంచి, నన్ను కాకుండా నా వెనకాల గోడని చూస్తున్నట్టు చూస్తోంది. మా వంటింట్లో పగలు కూడా లైటు వేసుకోవాలి. ఆ లైటు వైపు వేలు చూపించింది.

"దాని చుట్టూ కూడా ఉంది. రంగులు రంగులుగా, గుండ్రంగా. బాగుంది."

ఆ "బాగుంది" వినగానే సబ్బు చేతులు కొంగుకి తుడుచుకున్నాను.

దాన్ని కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి ఒక్కో కన్నూ మూసి అడిగాను. ఎడమ కంటికి అన్నీ మామూలుగానే ఉన్నాయి. కుడి కంటికి పొగ. ఆ కంటిలో ఎరుపు లేదు, నీళ్ళు కారడం లేదు, రెప్ప వాయలేదు. కానీ నల్లగుడ్డు మీద, వేడి టీ గ్లాసు దగ్గర పెట్టుకుంటే కళ్ళజోడుకి పట్టే ఆవిరిలాంటిది, సన్నగా పట్టి ఉంది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"మంటా? దురదా?"

"ఏటీ లేదమ్మా. పొగంతే."

కిటికీ బయట, వాకిలి పక్కన మా జిల్లేడు చెట్టు కనిపించింది. పొద్దున్నే వీధంతా వచ్చి ఆకులు కోసుకుపోవడంతో కొమ్మలు బోసిగా ఉన్నాయి. తుంపిన చోటల్లా పాలు కారి, ఎండి, తెల్లటి బొట్లు కట్టి ఉన్నాయి. నేను ఆ బొట్లని చూశాను. మళ్ళీ దాని కన్ను చూశాను.

ఆ చెట్టు నాటింది అదే.

చిన్నవాడు నా కడుపులో ఉన్నప్పుడు ఒక ఆదివారం మా ఆయన మమ్మల్ని బండి మీద అప్పికొండ తీరానికి తీసుకెళ్ళాడు. ఇసుక దిబ్బ మీద జిల్లేడు కాయలు ఎండి పగిలి, పట్టుదారాల్లాంటి దూదితో విత్తనాలు ఎగురుతున్నాయి. మా పెద్దది వాటి వెంటపడి పరిగెత్తి ఒకటి పట్టుకుంది. ఇంటికొచ్చేదాకా గుప్పిట తెరవలేదు. దారిలో ఐస్‌క్రీమ్ ఇప్పిస్తే ఎడమ చేత్తో తింది.

మా ఇంటి ముందు నేల గురించి చెప్పాలి. పల్లం పూడ్చడానికి లారీల్లో ఏది దొరికితే అది తెచ్చి పోశారు. ఇటుక ముక్కలు, ఇసుక, నల్లటి బొగ్గులాంటి రాళ్ళు. గులాబీ పెడితే నెల తిరక్కుండా ఎండింది. కనకాంబరం మాడిపోయింది. డిగ్రీలో బోటనీ చదివినందుకు అత్తమ్మ ముందు నాకు అదో చిన్నతనం. జిల్లేడు విషయంలో మాత్రం చదువు పనికొచ్చింది. అది ఎడారుల్లో కూడా బతికే మొక్క. వానతో పని లేదు, ఎరువుతో పని లేదు. ఆకు మీద ఉండే తెల్లటి పొడి దాని తడిని అదే కాపాడుకోవడానికి. మా వాకిలి దానికి స్వర్గం.

కష్టమల్లా దాన్ని మా ప్రేమ నుంచి కాపాడటమే అయింది. పెద్దది బడి నుంచి రాగానే వాటర్ బాటిల్లో మిగిలిన నీళ్ళన్నీ దాని మొదట్లో పోసేది. ఆకులు పచ్చబడి రాలాయి. "నీళ్ళు పోస్తే చచ్చిపోద్దే" అంటే నమ్మలేదు.

"దానికి దాహం వెయ్యదా?"

"వేస్తుంది. వేరుని కిందికి పంపించి తెచ్చుకుంటుంది."

"మనల్ని అడగదా?"

"అడగదు."

ఆ తర్వాత మొదట్లో ఇసుక, గులకరాళ్ళు వేసి చిన్న గుట్టలా చేశాం, నీరు నిలవకుండా. ప్లాంటు దుమ్ము పడి ఆకులు బూడిదరంగుకి తిరిగితే తడిగుడ్డతో తుడవబోయింది. తుడిస్తే దాని పొడి కూడా పోతుందన్నాను. అప్పటి నుంచి దగ్గరికెళ్ళి నోటితో ఊదేది. పసుపు, నలుపు చారల పురుగులు వచ్చి ఆకులు తింటే వాటిని చంపనివ్వలేదు. సీతాకోకచిలుకలయ్యేదాకా కాపలా కాసింది. ఆ చెట్టు గురించి ఎవరు మాట్లాడినా "నా చెట్టు" అని దిద్దేది.

అత్తమ్మది శ్రీకాకుళం వైపు పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. మొదట్లో ఆవిడ ఆ మొక్క వైపు చూడను కూడా చూడలేదు.

"కాటికాడ మొక్క ఇంటికాడేటే? సదూకున్నోలు సేసే పనేనా ఇది?"

కొన్నాళ్ళకి మొగ్గలు విచ్చాయి. ఊదా రంగు కాదు, తెల్లటి తెలుపు. మర్నాడు పొద్దున్న లేచి చూసేసరికి చెట్టు మొదట్లో పసుపు, కుంకుమ, ఒక అగరొత్తి.

"తెల్లజిల్లేడు! దీని అడుగునేటుంటాదో తెల్సా? ఇనాయకుడుంటాడు."

"నిన్నటిదాకా కాటికాడ మొక్క అన్నారు కదా అత్తమ్మా?"

"నిన్న నాకు తెల్దు. సదూకున్నావు కదా, నీకు మాత్రం తెల్సా?"

అప్పటి నుంచి మా వాకిలికి గౌరవం పెరిగింది. శనివారం ఎదురింటి పిన్ని ఆంజనేయుడి దండకి పువ్వులు కోసుకెళ్ళేది. వీధిలో ఎవరు కనిపించినా మా ఇంటిని "జిల్లేడోలిల్లు" అనేవారు.

ఇక రథసప్తమి. సూర్యుడి పండగ. ఏడు జిల్లేడాకులు రేగుపళ్ళతో కలిపి తల మీద, భుజాల మీద పెట్టుకుని తెల్లవారగట్ల స్నానం చేస్తారు. ఇదివరకు మా వీధి వాళ్ళు ముందురోజు సాయంత్రమే రైలుకట్ట పక్కకో రోడ్డు వారకో వెళ్ళి ఆకులు తెచ్చుకునేవారు. ఈసారి ఎవరూ కదల్లేదు. వీధిలోనే చెట్టుంది కదా. తూరుపు తెల్లబడకముందే గేటు చప్పుళ్ళు మొదలయ్యాయి. ఆకు తుంపిన ప్రతిసారీ టప్పుమని చిన్న చప్పుడు. మెట్ల మీద పాలచుక్కలు ముగ్గుపిండి ఒలికినట్టు పడ్డాయి. మా పెద్దది పావడా కట్టుకుని చెట్టు పక్కన యజమానిలా నిలబడింది.

"ఒక్కొక్కలికీ ఏడే," అంటోంది. "నాను సెప్పినవే కొయ్యాల."

"ఓలప్పో, ఈ గుంట సూర్యుడి కన్నా ముందే డ్యూటీకొచ్చేసిందే!" అంది ఎదురింటి పిన్ని, అందరూ నవ్వారు.

చివరికి అత్తమ్మ దాన్ని కుళాయి దగ్గర తూర్పుకి తిప్పి కూర్చోబెట్టి, అప్పుడే కోసిన ఆకులు తల మీద పెట్టి నీళ్ళు పోసింది. నేను లోపల చిన్నవాడికి పాలిస్తున్నాను. చెంబు చప్పుడు వినిపించింది. "మామ్మా, కంట్లో ఏదో పడింది" అన్న దాని గొంతు కూడా వినిపించింది.

"నీల్లేనే. కల్లు మూసుకో. పండగపూట ఏడకూడదు."

అది ఏడవలేదు. తువ్వాలు చుట్టుకుని లోపలికొచ్చి పరమాన్నం అడిగింది. తిని, ఆడుకుంది. ఆ కంటి సంగతి అదీ మరిచిపోయింది, నేనూ మరిచిపోయాను. మధ్యాహ్నం పొగ కనిపించేదాకా.

నా గొంతు విని అత్తమ్మ చిన్నవాణ్ణి చంకనేసుకుని వంటింట్లోకి వచ్చింది. చెప్పాను. ఆవిడ పెద్దదాని గడ్డం పట్టుకుని పైకెత్తి కంట్లోకి చూసింది.

"ఎర్రగా నేదు. పుసి నేదు. నొప్పి నేదంతంది. నొప్పి నేకపోతే ఏటీ కాదే."

"పొగలా కనిపిస్తోందట అత్తమ్మా."

"అయితే సనుపాలు రెండు సుక్కలెయ్యి. నీకున్నాయి కదా. మీ ఆయనకి సిన్నప్పుడు కల్లు పుసులు కట్టేస్తే నాను అదే ఏసినాను. సూడు, ఇప్పుడు అంతెత్తున కూకుని క్రేన్ తోల్తన్నాడు."

నా చెయ్యి జాకెట్టు హుక్కు మీదికి వెళ్ళింది. నిజమే చెబుతున్నాను. చదువుకున్నదాన్ని, ప్రతిదానికీ ఫోన్లో వెతికేదాన్ని, ఆ క్షణంలో ఎవరో ఒకరు ఇది చెయ్యి అని చెప్పడమే నాకు ఎంతో ఊరటగా అనిపించింది. పాలున్నాయి, కన్ను ఎదురుగా ఉంది, ఇంట్లో పెద్దావిడ చెప్పింది. ఇంకేం కావాలి?

కానీ పొద్దున ఏదో ఒక చుక్క పడిన కంట్లో, ఆ చుక్క ఏమిటో తేలకుండా, ఇంకో చుక్క ఏదైనా సరే వెయ్యడానికి నా చెయ్యి రాలేదు. హుక్కు వదిలేశాను. ఫిల్టర్ నీళ్ళ బిందె వంచి, దాని తల సింకు మీదికి వంచి, రెప్ప తెరిచి పట్టుకుని కడిగాను. కడుగుతూనే ఉన్నాను. దాని గౌను తడిసింది, నా చీర తడిసింది.

"పోయిందా?"

"ఇంకా ఉంది."

"ఏటంత కడుగుడు? కన్నా, పప్పా?" అంది అత్తమ్మ. కానీ అప్పటికి ఆవిడ గొంతులో వెటకారం సగమే ఉంది.

మా ఆయనకి ఫోన్ చేశాను. క్రేన్ ఎక్కేవాళ్ళు ఫోన్లు కిందే పెట్టేయాలి. మోగి మోగి ఆగిపోయింది. మెయిన్ రోడ్డు కళ్ళజోళ్ళ షాపుకి కంటి డాక్టరు సాయంత్రం వస్తాడు. సాయంత్రం దాకా ఆ ఆవిరిని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. చిన్నవాణ్ణి అత్తమ్మకి వదిలి, దాన్ని తీసుకుని, తడి చీరతోనే సిటీలోని కంటి ఆస్పత్రికి బయల్దేరాను.

షేర్ ఆటోలో వెనక సీటంతా మాకే ఇమ్మని అడిగాను.

"పండగపూట ఆస్పత్రేటమ్మా?" అన్నాడు డ్రైవరు. అద్దంలో దాన్ని చూసి, "అప్పా, నా ఆటో ఏ రంగో సెప్పు సూద్దాం" అన్నాడు.

"పసుపు. పొగలో ఉంది."

ఆ తర్వాత అతను ఎవరు చెయ్యెత్తినా ఆపలేదు. పోర్టు లారీలు టార్పాలిన్లు కప్పుకుని వరసగా వెళ్తున్నాయి. లారీ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా నా కొంగుతో దాని ముఖం కప్పాను. లారీ దాటగానే ఎడమ కన్ను మూసి దుకాణాల బోర్డులు చదవమన్నాను. ముందు పెద్ద అక్షరాలు, తర్వాత చిన్నవి. పెద్దవి కూడా తప్పు చదువుతోంది. ఎక్కడ దాకా చదవగలదో తెలిస్తే ప్రమాదం కొలత తెలుస్తుందన్నట్టు మళ్ళీ మళ్ళీ అడిగాను.

"అమ్మా, అడిగితే పోద్దా పొగ?"

అడగడం మానేశాను. కాసేపటికి దానంతట అదే చెప్పింది.

"పొద్దున్న సల్లగా పడింది. ఇక్కడ్నించి." కుడి కనుబొమ్మ మీద వేలు పెట్టింది. "ఆకు తోక ఇటుంది. దాన్నించి కారింది. తర్వాత మామ్మ నీల్లు పోసింది."

ఆకు తోక అంటే తొడిమ. తాజాగా తుంపిన తొడిమ. వంటింటి కిటికీ దగ్గర కలిగిన అనుమానం అక్కడ, లారీల మధ్య, ఖాయమైంది.

డాక్టరమ్మ నా వయసుదే ఉంటుంది. పెద్దదాని గడ్డం యంత్రం మీద ఆనించి, సన్నటి వెలుగుగీత కంట్లోకి వేసి చూసింది. నేను జిల్లేడు అనగానే ఆశ్చర్యపోలేదు.

"నొప్పి లేదంది కదా?"

"లేదండి. అందుకే మధ్యాహ్నం దాకా తెలియలేదు."

"దాని పాల గుణమే అంత. కన్ను లోపలి పొరని దెబ్బతీస్తుంది, నొప్పి తెలియనివ్వదు. నొప్పి ఉంటే మీరు పొద్దున్నే వచ్చేవారు. ఇంట్లో ఇంకేమైనా వేశారా? నూనె, పసుపు నీళ్ళు, తల్లిపాలు?"

"లేదు. నీళ్ళతో కడిగాను."

"మంచి పని చేశారు." అంతకన్నా పొగడలేదు. చుక్కల మందు రాసింది.

"తగ్గిపోతుందా డాక్టరుగారూ?"

"చాలామందికి తగ్గుతుంది. మీ పాపకి ఎంత తగ్గుతుందో ఇప్పుడే చెప్పలేను. రేపు తీసుకురండి. రేపు పొద్దున లేవగానే మంచి కన్ను మూసి ఏం కనిపిస్తోందో అడగండి. ఇవాళ్టి కంటే తక్కువ ఉండాలి పొగ. ఎక్కువయితే మాత్రం ఆలస్యం చెయ్యకండి. పాపా, నువ్వే చెప్పాలి. ఇంకెవరికీ తెలీదు, నీకే తెలుసు. సరేనా?"

అది బుద్ధిగా తల ఊపింది. నేను దాని కుడి కంటి మీద డాక్టరమ్మ పెట్టిన ప్లాస్టిక్ మూతని చూస్తూ, అంతా తేలిగ్గానే ఉందనుకున్నాను. మందు వెయ్యాలి, పొద్దున అడగాలి, అది చెబుతుంది. అంతే కదా.

డాక్టరమ్మ చెప్పిందంతా ఆస్పత్రి నుంచే అత్తమ్మకి ఫోన్లో చెప్పాను. గేటు దగ్గర ఆటో దిగాను. అత్తమ్మ చీర దోపుకుని, కొబ్బరికాయలు కొట్టే కత్తి పట్టుకుని జిల్లేడు ముందు నిలబడి ఉంది. ఒక పెద్ద కొమ్మ అప్పటికే వేలాడుతోంది. తెగిన చోటు నుంచి పాలు ధారగా కారుతున్నాయి. దాని కింద, మామ్మ కాళ్ళ పక్కన, చిన్నవాడు గొంతుక్కూర్చుని నోరు తెరిచి పైకి చూస్తున్నాడు. కత్తి మళ్ళీ లేచింది.

"ఆగండి! అత్తమ్మా, ఆగండి!"

"ఆగేదేటి? నా మనవరాలి కన్ను తినేసిందిది! ఒగ్గెత్తానా దీన్ని?"

"బాబు! కింద బాబున్నాడు!"

ఆవిడ కిందికి చూసింది. కత్తి గాల్లోనే ఆగింది. ఎప్పుడు పరిగెత్తానో నాకు గుర్తు లేదు, వాణ్ణి చంకలో ఇరికించుకుని కుళాయి కింద ఉన్నాను. వాడి జుట్టు మీద రెండు చోట్ల తెల్లగా ఉంది. నుదుటి మీద లేదు. కళ్ళలో లేదు. కళ్ళలో లేదని ఎన్నిసార్లు చూశానో. చల్లటి నీళ్ళకి వాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వింటే నాకు హాయిగా ఉంది.

అత్తమ్మ కత్తి పక్కన పెట్టి మెట్టు మీద కూలబడింది. చేతుల మీద పడిన పాలు చీరకి తుడవబోతే, వద్దని చెయ్యి పట్టుకుని కడిగాను. 

"మా ఊల్లో ముందునాడే కోసీవోలం," అంది నెమ్మదిగా. "సేటలో ఏసి సూరుకింద పెట్టీవోలం. పొద్దుటికి వాడిపోయి, తోకలు ఎండిపోయీవి. ఎందుకలాగ సేత్తారో నానెప్పుడూ అడగనేదు. ఇప్పుడు వాకిట్లోనే ఉంది కదాని..."

   మా కోసం దూరం నుంచి రావలసిన ఆకు, గుమ్మంలోకి వచ్చేసింది. మధ్యలో ఉండే రాత్రి లేకుండా పోయింది.

గేటు దగ్గర నిలబడి పెద్దది వేలాడుతున్న కొమ్మనే చూస్తోంది. ఒక కంటికి మూత, రెండో కన్ను పెద్దదిగా.

"మామ్మా, కొట్టకు," అంది. "నా కన్ను బాగయిపోయింది."

"బాగయిపోయిందా? నిజంగానా?"

"పొగ లేదు. అంతా కనిపిత్తంది."

"సూసినావా!" అత్తమ్మ రెండు చేతులూ పడమట దిగుతున్న సూర్యుడికెత్తింది. "పండగనాడు దండం పెట్టిన పిల్లని ఆయన ఒగ్గెయ్యడు."

కంటికి మూత ఉంది. మూత వెనక నుంచి పొగ లేదని దానికెలా తెలుసు? అడగాలనుకున్నాను. అత్తమ్మ ముఖం చూసి అడగలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. ఫోన్లో నా మిస్డ్ కాల్స్ చూసి దారంతా ఏమేమి ఊహించుకున్నాడో, చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చాడు. అంతా విన్నాడు. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూత తీశాడు.

"ఎడమ కన్ను మూసుకోమ్మా. నాను ఎన్ని వేళ్ళు సూపిత్తన్నాను?"

"మూడు."

"ఇప్పుడు?"

"అయిదు. కాదు, నాలుగు. బొటనేలు మడిసినావు."

"ఓసి నీ... బానే ఉంది కదే!" నా వైపు తిరిగి నవ్వాడు. మధ్యాహ్నం నుంచి ఇంట్లో అదే మొదటి నవ్వు.

నేను దానికి పక్కగా కూర్చున్నాను. ఎడమ కంటి మీద దాని చెయ్యి ఉంది. చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ సందు ఉంది. ఆ సందులోంచి మంచి కన్ను తండ్రి వేళ్ళని లెక్కపెడుతోంది.

అప్పుడు మా ఆయన అన్నాడు. "ఏదేమైనా పిల్లలున్న ఇల్లు. రేపు నాకు సెలవే. ప్లాంటు కళ్ళద్దాలున్నాయి, గ్లవుజులున్నాయి. వేళ్ళతో సహా పీకేత్తాను."

దాని వేళ్ళ సందు ఇంకొంచెం పెద్దదయింది. "నాన్నా, ఇంకోసారి అడుగు," అంది. "ఇంకా ఎక్కువ వేళ్ళు సూపించు. అన్నీ సెప్తాను."

 పొద్దున డాక్టరమ్మకి చెప్పవలసింది ఈ పిల్లే. పొగ ఎక్కువయిందో తక్కువయిందో లోకంలో తెలిసిన మనిషి ఇది ఒక్కతే. కన్ను చెడిందంటే చెట్టుని నరికేస్తారు, బాగుందంటే ఆగుతారు. ఇంట్లో పెద్దవాళ్ళం ఒక్క సాయంత్రంలో దానికి నేర్పిన లెక్క ఇది. ఇక రేపు పొద్దున ఆ కన్ను పూర్తిగా మూసుకుపోయినా అది "బాగుంది" అనే అంటుంది. నొప్పి లేని దెబ్బ, పొగ లేదని దాచే పిల్ల. నేను ఎక్కడ చెవి పెట్టి వినాలి?

పిల్లలు పడుకున్నాక మా ఆయనకి వేళ్ళ సందు గురించి చెప్పాను. లేచి కూర్చున్నాడు.

"సెట్టు తీయకపోతే నిజం సెప్తాదంటావా?"

"తెలీదు. తీస్తే మాత్రం చెప్పదు."

"అది ఉంటే నువ్వు నిద్రపోతావా?"

"అది లేకపోయినా నేను నిద్రపోనుగా."

చీకట్లో కొంచెం నవ్వాడు. చెట్టు చుట్టూ చిన్నవాడి చేతికందనంత ఎత్తు వల కడదామన్నాడు, వేలాడే కొమ్మని తనే జాగ్రత్తగా కోస్తానన్నాడు. నిద్రలోనే పెద్దదాని రెప్ప తెరిచి మందు వేశాను. చీకట్లో ఆవిరి కనిపించదు. ఇప్పుడిది రాస్తున్న రాత్రి కూడా అలవాటుగా లేచి వెళ్ళి రెప్ప ఎత్తి చూసొచ్చాను. గ్యాస్ కూడా చూసొచ్చాను.

మర్నాడు పొద్దున ఇద్దర్నీ వాకిట్లో మెట్టు మీద కూర్చోబెట్టాను. చెట్టు ఎదురుగా ఉంది, మా చేతికి అందనంత దూరంలో. చిన్నవాడు నా గాజులతో ఆడుతున్నాడు. నేను అడగకముందే పెద్దది మొదలుపెట్టింది.

"బాగుందమ్మా. పువ్వులు కనిపిత్తన్నాయి. రెండు గుత్తులు."

రెండు గుత్తులున్నాయని దానికి నిద్రలో అడిగినా తెలుసు.

"చెట్టుని కొట్టం," అన్నాను. "నాన్న పీకరు, మామ్మ కొట్టదు. నీ కన్ను బాగున్నా చెట్టుంటుంది. బాగోకపోయినా ఉంటుంది. నీ కంటికీ దానికీ ముడి లేదు. దాని ఆకు తుంపితే పాలొస్తాయి, ఆ పాలు కంట్లో పడకూడదు. అంతే దాని సంగతి. ఇకమీద ఆకు తుంపేది నేనే. అదీ ముందురోజే. నువ్వు పురుగుల్ని చూసుకో, దూరం నుంచి. సరేనా?"

అది గేటు వైపు చూసింది. కత్తి ఎక్కడుందో వెతికిందనుకుంటాను. కత్తి లోపల, అటక మీద ఉంది. ఆ మాట కూడా చెప్పాను.

"ఇప్పుడు నీ కన్ను నేను మూస్తాను. ఏం కనిపిస్తోందో అది చెప్పు. నాకు నచ్చేది వద్దు."

ఎడమ కంటి మీద నా అరచెయ్యి పెట్టాను, సందు లేకుండా. అరచేతి కింద రెప్పవెంట్రుకలు కదిలాయి. అది చెట్టుని చాలాసేపు చూసింది. ఎదురింటి పిన్ని వాకిలి ఊడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"పొగుంది," అంది. 

"నిన్నటి లాగేనా?"

"తక్కువ. పువ్వులున్నాయని తెలుత్తంది. ఎన్నో తెలవట్లేదు." నా చెయ్యి పట్టుకుంది. "కొడతారా?"

"కొట్టం."

చిన్నవాడు గాజులు వదిలి, రెండు అరచేతులతో రెండు కళ్ళూ మూసుకుని, "పొగ!" అని అరిచి నవ్వాడు.

ఇద్దరి తలలూ దగ్గరికి లాక్కుని చెప్పాను. "ఇలాగే చెప్పాలి. రేపూ అడుగుతాను, ఎల్లుండీ అడుగుతాను. ఎవరికి ఏం కనిపించినా, ఏం తేడాగా ఉన్నా అమ్మకి చెప్పాలి. పండగైనా సరే. నొప్పి లేకపోయినా సరే."